పాత కంప్యూటర్‌లో సైట్లు తెరుచుకోవడం లేదా? ఫార్మాట్ కొట్టే ముందు తేదీ చూడండి

హనుమకొండలో పాత కంప్యూటర్లు బాగుచేస్తూ నేను ఎక్కువగా వినే మాట: "అన్నా, నెట్ వస్తున్నది గానీ సైట్లు తెరుచుకుంటలేవు." నా దగ్గరికి వచ్చేసరికే దాన్ని ఎవరో ఒకసారి ఫార్మాట్ చేసి ఉంటారు. స్క్రీన్ మీద కుడివైపు కింది మూలన తేదీ ఎంతుందో మాత్రం చూసి ఉండరు. దయచేసి ముందు అది చూడండి. అర నిమిషం పని.

సమస్య

బ్రౌజర్ "కనెక్షన్ సురక్షితం కాదు" అంటుంది. డిజిటల్ సంతకం పడదు. యాంటీవైరస్ అప్‌డేట్ కాదు. బిల్లుల మీద తప్పు తేదీ వస్తుంది. కొన్ని మెషీన్లు ఆన్ చేయగానే ఎఫ్1 నొక్కమని ఆగిపోతాయి. వేర్వేరు జబ్బుల్లా కనిపించినా చాలాసార్లు వీటన్నిటికీ మూలం ఒక్కటే.

కారణం

మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్లంత బ్యాటరీ ఉంటుంది. దాని పేరు సీఆర్2032, 3 వోల్టులది. కంప్యూటర్‌కు కరెంటు లేనప్పుడు గడియారాన్ని నడిపేది అదే. అది అయిపోతే తేదీ ఏ 2009కో పోతుంది. ప్రతి సురక్షిత సైటుకూ అది అసలైనదేనని చెప్పే సర్టిఫికెట్ ఉంటుంది, దానికి మొదలయ్యే తేదీ, ముగిసే తేదీ ఉంటాయి. కంప్యూటర్ లెక్కలో ఆ సర్టిఫికెట్ ఇంకా పుట్టనే లేదు, అందుకే లోపలికి రానివ్వదు.

ఇది నన్ను ఎలా తిప్పలు పెట్టిందో చెప్తాను. మిర్చి సీజన్‌లో వరంగల్ ఎనుమాముల మార్కెట్ దగ్గర ఒక అడ్తి (కమీషన్) దుకాణం కంప్యూటర్ వచ్చింది. జీఎస్టీ సైటు తెరుచుకోవడం లేదు. ఫార్మాట్ చేసి, విండోస్ ఎక్కిస్తూ తేదీ సరిగ్గా పెట్టి, రెండు రోజులు నా దగ్గరే నడిపి పంపాను. మర్నాడే ఫోన్: "మళ్లా అట్లనే ఉన్నదే!" ఈసారి హార్డ్ డిస్కు మార్చాను. మళ్లీ అదే. రైతులకు తక్‌పట్టీలు (అమ్మిన సరుకు బిల్లులు) రాయాల్సిన మనిషి, నా మీద నమ్మకంతో మూడోసారీ పిలిచాడు. ఆ రోజు పొద్దుగూకే దాకా అక్కడే కూర్చున్నాను. గుమస్తా తాళాలు చేతిలో పట్టుకుని, బయటికి వస్తూ వస్తూ మెయిన్ స్విచ్ బంద్ చేశాడు. దాంతో విషయం తెలిసిపోయింది.

నా షాపులో ప్లగ్గు తీయం. షట్‌డౌన్ చేసినా ఎస్‌ఎమ్‌పీఎస్ (కంప్యూటర్‌కు కరెంటు ఇచ్చే డబ్బా) నుంచి 5 వోల్టుల స్టాండ్‌బై కరెంటు బోర్డుకు అందుతూనే ఉంటుంది, గడియారం దానిమీదే నడుస్తుంది. అందుకే నా దగ్గర రోగం బయటపడలేదు. దుకాణంలో రాత్రంతా భారం చచ్చిన బ్యాటరీ మీదే పడేది. తెల్లారి చూస్తే తేదీ 2009.

"నెట్ ఉంటే టైమ్ అదే సరిచేసుకుంటది కదా" అంటారు. విండోస్ 7 మామూలు సెట్టింగుల్లో తేడా 15 గంటలు దాటితే తనంతట తాను సరిచేసుకోదు.

పరిష్కారం

ముందు బయోస్‌లోకి (విండోస్ కంటే ముందు తెరుచుకునే బోర్డు సెట్టింగుల్లోకి) వెళ్లి పేజీలన్నీ ఫోన్‌లో ఫొటో తీసుకోండి. ముఖ్యంగా సాటా మోడ్ (హార్డ్ డిస్కుతో బోర్డు మాట్లాడే పద్ధతి) ఏహెచ్‌సీఐనా, ఐడీఈనా చూసుకోండి. బ్యాటరీ తీస్తే కొన్ని బోర్డుల్లో ఇది మారిపోయి 0x0000007బి అంటూ నీలం స్క్రీన్ వస్తుంది. అప్పుడు విండోస్ పోయిందని కంగారుపడి మళ్లీ ఫార్మాట్ కొడతారు. పాత మోడ్ పెడితే చాలు, లేచి వస్తుంది. సర్వర్‌లో రెయిడ్ (కొన్ని డిస్కులను కలిపి ఒక్కటిగా వాడే ఏర్పాటు) ఉంటే ఈ ఫొటో తీయనిదే బ్యాటరీ ముట్టుకోవద్దు.

తర్వాత ప్లగ్గు పీకి, పవర్ బటన్ కొన్ని సెకన్లు నొక్కి పట్టండి. పక్కనున్న క్లిప్పును చిన్న స్క్రూడ్రైవర్‌తో నెమ్మదిగా వెనక్కి నెడితే బిళ్ల పైకి లేస్తుంది. మల్టీమీటర్‌తో చూడండి: కొత్తది 3 వోల్టుల పైనే చూపిస్తుంది, 2.8 కంటే తక్కువుంటే నేను మార్చేస్తాను. ప్లస్ గుర్తు పైకి ఉండేలా కొత్తది పెట్టండి. గడియారాల దుకాణాల్లో కూడా దొరుకుతుంది. తేదీతో పాటు టైమ్ జోన్ కూడా +5:30 ఉందో లేదో చూడండి. పసిఫిక్ టైమ్ మీద వదిలేసి, గంటలు మాత్రం చేత్తో దిద్దిన మెషీన్లు చాలా చూశాను.

కాలేజీ ల్యాబ్ సర్వర్లలో ఇది ఆలస్యంగా బయటపడుతుంది. రాత్రింబవళ్లు కరెంటు మీదే ఉంటాయి కాబట్టి, పెద్ద పవర్ కట్ వచ్చి యూపీఎస్ కూడా ఆగిన రోజే తెలుస్తుంది. విండోస్ డొమైన్‌లో (లాగిన్లన్నీ ఒకే సర్వర్ చూసుకునే నెట్‌వర్క్‌లో) సర్వర్‌కూ క్లయింట్‌కూ 5 నిమిషాలు మించి తేడా వస్తే పిల్లల లాగిన్లు ఆగిపోతాయి. పాస్‌వర్డులు మార్చే ముందు రెండు గడియారాలూ పోల్చి చూడండి.

తేదీ సరిగ్గానే ఉండి సైట్లు రాకపోతే సిస్టమే పాతబడి ఉంటుంది. విండోస్ 7కు క్రోమ్ 109తోనే ఆగిపోయింది. 2021 సెప్టెంబర్ 30న ఒక పాత రూట్ సర్టిఫికెట్ (ఎన్నో సైట్ల సర్టిఫికెట్లకు ఆధారమైనది) గడువు ముగిశాక, అప్‌డేట్లు లేని మెషీన్లలో చాలా సైట్లు రాకుండా పోయాయి. ఫైర్‌ఫాక్స్ తన సర్టిఫికెట్లు తానే తెచ్చుకుంటుంది కాబట్టి దాని 115 ఈఎస్‌ఆర్ వెర్షన్ వేసి చూడొచ్చు. కానీ అలాంటి మెషీన్‌లో బ్యాంకు పనులు వద్దు. వైరస్ తేదీ మార్చడం, బోర్డు మీద గడియారాన్ని నడిపే క్రిస్టల్ పాడవడం బహు అరుదు. వాటితో మొదలుపెట్టకండి.

బ్యాటరీ వేశాక అప్పటికప్పుడు బాగైందని వెళ్లిపోవద్దు. రాత్రి మెయిన్ బంద్ చేయించి, పొద్దున్నే ఆన్ చేసి, బ్రౌజర్ తెరవక ముందే మూలన తేదీ చూసి అప్పుడు డబ్బులు తీసుకోండి.