నీటికి 2 రెట్లు అని రాస్తే దెబ్బ 6 రెట్లు ఎందుకు పడుతోంది?

గండికోట లోయలో నడిచే గేమ్ ఒకటి చేస్తున్నారనుకుందాం. మొదటి లెవెల్లో తేళ్లు, చివర్లో కడప బండ రాక్షసుడు. నిప్పు, నీరు, మట్టి, గాలి అని నాలుగు ఎలిమెంట్లు, అంటే దాడి రకాలు. ఏ ఎలిమెంట్ దెబ్బ ఏ ఎలిమెంట్ శత్రువుకు ఎన్ని రెట్లు తగలాలో చెప్పే టేబుల్లో 2, 1, 0.5 అంకెలు. ఇంతవరకు వచ్చినవాళ్ల కోసమే ఇది.

ఏ ఎలిమెంట్‌తో కొట్టినా ఒకటే దెబ్బ

కోడ్ జోలికి పోకముందు శత్రువు డేటా తెరిచి ఎలిమెంట్ గడి చూడండి. చాలాసార్లు ఖాళీగా ఉంటుంది. కొత్త శత్రువును ఎలిమెంట్ లేని పాతదాని నుంచి కాపీ చేసి, బొమ్మ మార్చి, ఆ గడి మరిచిపోతారు. అర నిమిషం పట్టే ఈ పని వదిలేసి టేబుల్ అంతా తిరగరాసేవాళ్లే ఎక్కువ. దయచేసి ముందు ఇది చూడండి. గడి నిండే ఉంటే స్పెల్లింగ్ తేడా అయి ఉంటుంది. పేర్లు చేత్తో టైపు చేయకుండా ఈనమ్ (కోడ్‌లో ముందే రాసి పెట్టుకునే పేర్ల జాబితా) వాడితే ఆ తలనొప్పి ఉండదు.

తేళ్ల దగ్గర సరిగ్గానే ఉంది, రాక్షసుడు మాత్రం రెండు దెబ్బలకే పడిపోతున్నాడు

ఇదే అసలు దొంగ. టేబుల్ ఎన్నిసార్లు చూసినా తప్పు దొరకదు, ఎందుకంటే తప్పు టేబుల్లో లేదు. దాడి బలంలోంచి డిఫెన్స్ (శత్రువు దెబ్బను తట్టుకునే బలం) తీసేసే లెక్కలో, గుణకాన్ని, అంటే టేబుల్లోని 2, 0.5 లాంటి అంకెను, ఎక్కడ పెట్టారన్నదే విషయం.

దాడి 50, రాక్షసుడి డిఫెన్స్ 40, ప్రాణం 120. మామూలు దెబ్బ 10, అంటే పన్నెండు దెబ్బలు. నీటితో 20 పడి ఆరు దెబ్బల్లో పోవాలి. కానీ కోడ్‌లో 50ని ముందే 2తో గుణించి, ఆ తర్వాత 40 తీసేస్తే 60 వస్తుంది. మీరు రాసింది 2 రెట్లు, పడింది 6 రెట్లు. 0.5 వైపు ఇంకా ఘోరం: 25లోంచి 40 పోతే మైనస్ 15. కింద హద్దు పెట్టకపోతే కొట్టిన ప్రతిసారీ రాక్షసుడి ప్రాణం 15 పెరుగుతుంది.

మరి తేళ్ల దగ్గర ఎందుకు బయటపడలేదు? తేలు డిఫెన్స్ 5. మామూలుగా 45, నీటితో 95. దాదాపు 2 రెట్లే కదా, కంటికి ఆనదు. అందరూ మొదటి లెవెల్లోనే టెస్ట్ చేస్తారు, అందుకే ఇది చివరిదాకా దాక్కుంటుంది.

దీన్ని పట్టుకోవాలంటే క్రిటికల్ (అప్పుడప్పుడు పడే పెద్ద దెబ్బ), ర్యాండమ్ (దెబ్బలో వచ్చే హెచ్చుతగ్గులు) రెండూ ఆపేయండి. ఒకే శత్రువును ఎలిమెంట్ లేకుండా ఒకసారి, ఉండి ఒకసారి కొట్టి, రెండో అంకెను మొదటిదానితో భాగించండి. టేబుల్లోని అంకే రావాలి. తేలుకూ రాక్షసుడికీ ఇద్దరికీ చేయాలి, ఒక్కదానితో సరిపెట్టుకోవద్దు.

సరిచేయడం తేలికే. డిఫెన్స్ తీసేశాక, కత్తి బోనస్ లాంటివి కూడా కలిపాక, అన్నిటికన్నా చివర గుణించండి. లేదంటే తీసివేత మానేసి దాడి × 100 ÷ (100 + డిఫెన్స్) వాడండి. అందులో గుణకం ముందున్నా వెనకున్నా ఒకటే. కనీసం 1 డ్యామేజ్ అనే హద్దు గుణించాకే రావాలి, అయితే టేబుల్లో 0 ఉన్నచోట ఆ హద్దు వర్తించకూడదు. లేకుంటే అసలు తగలని ఎలిమెంట్ కూడా ఒక్కొక్కటిగా ప్రాణం తింటుంది.

అందరూ ఒకే ఎలిమెంట్ పట్టుకుని ఆడుతున్నారు

ఆ ఎలిమెంట్‌ను అడ్డుకునేవాడు ఆటలో ఉన్నాడా చూడండి. 1996 నాటి మొదటి పోకెమాన్ గేముల్లో సైకిక్ (మనోశక్తి) రకానికి ఇదే జరిగింది. దాన్ని దెబ్బతీయాల్సిన ఘోస్ట్ (దెయ్యం) రకానికి దాని మీద గుణకం 0 ఉండేది. 1999లో డార్క్, స్టీల్ రకాలు తెచ్చి ముకుతాడు వేశారు. మీరు కొత్త ఎలిమెంట్ తేనక్కర్లేదు, లెవెల్లో ఎదురు నిలిచే శత్రువులను పెంచినా చాలు.

రెండు ఎలిమెంట్లున్న శత్రువుకు వింత అంకెలు

గుణకాలను కూడుతున్నారు. 2, 0.5 కలిస్తే 2.5 కాదు, గుణిస్తే 1.

మిగతావి అరుదు. 0.5 పెట్టినచోట సున్నా పడుతుంటే సీషార్ప్ (C#) కోడ్‌లో 1/2 అని రాశారేమో చూడండి, పూర్ణాంకాల భాగహారం సున్నానే ఇస్తుంది. రౌండింగ్ వల్ల ఒక పాయింట్ అటూ ఇటూ అయితే వదిలేయండి.