గుండె ముప్పు తెలుసుకోవడానికి మూత్రంలో ఆల్బుమిన్ పరీక్ష ఎలా చేయించుకోవాలి?

గుండె జబ్బు ముప్పును కొలెస్ట్రాల్ ఒక్కదానితో తేల్చడం సరికాదు. నడుము కొలత, రక్తపరీక్షలు, మూత్రంలో ఆల్బుమిన్ అనే ప్రోటీన్ పరీక్ష అన్నీ కలిపి చూడాలి. ముందుగా టేపును చివరి పక్కటెముకకూ తుంటి ఎముక పైఅంచుకూ నడుమ, బట్టల మీద కాకుండా చర్మానికి ఆనించి, ఊపిరి మామూలుగా వదిలాక నడుము కొలవండి. మనవాళ్లలో మగవారికి 90, ఆడవారికి 80 సెంటీమీటర్లకు చేరితే అది అయిదు ముప్పు లక్షణాల్లో ఒకటి. బీపీ 130/85, పరగడుపు షుగర్ 100, ట్రైగ్లిజరైడ్లు (రక్తంలోని ఒక రకం కొవ్వు) 150 లేదా అంతకు మించి ఉండడం, హెచ్‌డీఎల్ (మంచి కొలెస్ట్రాల్) మగవారిలో 40, ఆడవారిలో 50 కన్నా తగ్గడం మిగతా నాలుగు. ఈ అయిదింటిలో మూడు ఉంటే మెటబాలిక్ సిండ్రోమ్, అంటే గుండె జబ్బు ముప్పును పెంచే లక్షణాల గుంపు అంటారు.

రక్తంతోపాటే హెచ్‌ఎస్-సీఆర్‌పీ కూడా చేయించండి. ఒంట్లో లోలోపలి వాపు (ఇన్‌ఫ్లమేషన్) స్థాయిని చెప్పే ఈ విలువ 1 కన్నా తక్కువైతే ముప్పు తక్కువ, 3 దాటితే ఎక్కువ. జలుబు, జ్వరం, పంటి వాపు ఉన్నప్పుడు మాత్రం ఈ పరీక్షకు రక్తం ఇవ్వకండి. 10 దాటితే సాధారణంగా అది ఏదో ఇన్ఫెక్షన్ చూపించే అంకె కనుక, తగ్గాక మళ్లీ చేయించాలి.

అందరూ పాడుచేసేది మూత్రం నమూనానే. తీరిక దొరికిన వేళ ల్యాబుకు వెళ్లి, అప్పటికప్పుడు ఇచ్చి వస్తారు. పొద్దున లేవగానే వచ్చే మొదటి మూత్రమే ఇవ్వాలి, ఎందుకంటే పగలంతా నడక, నిలబడడం, శ్రమ వల్ల ఆల్బుమిన్ పెరుగుతుంది. ముందు రోజు జిమ్, పరుగు, పొలం పని వంటి గట్టి శ్రమ మానండి. జ్వరం, మూత్రంలో మంట, నెలసరి ఉంటే వాయిదా వేయండి. షుగర్ గానీ బీపీ గానీ బాగా పెరిగి ఉన్నప్పుడు వచ్చిన ఫలితాన్ని కూడా నమ్మడానికి లేదు.

ల్యాబువారిచ్చిన డబ్బానే వాడాలి. ఇంట్లో కడిగిన సీసా పనికిరాదు. మూత లోపలివైపు వేలు తగలనివ్వకండి. మొదటి ధారను వదిలేసి, మధ్యలో డబ్బా పట్టి సగం వరకు నింపి, మూత బిగించి, పేరూ సమయమూ రాసి వెంటనే అందజేయండి. ఆలస్యమయ్యేటట్టుంటే ఫ్రిజ్‌లో పెట్టండి, ఫ్రీజర్‌లో వద్దు.

ఇరవై నాలుగు గంటల మూత్రం పట్టమనే పద్ధతి నాకు సమ్మతం కాదు. ఒక్కసారి మరిచిపోయినా లెక్కంతా తప్పుతుంది. ఆల్బుమిన్-క్రియాటినిన్ నిష్పత్తి అయితే, మూత్రం చిక్కగా ఉన్నా పలుచగా ఉన్నా, క్రియాటినిన్ (కండరాల నుంచి మూత్రంలోకి వచ్చే వ్యర్థం) ఆ తేడాను సరిచేస్తుంది. పట్టీ ముంచి చూసే మామూలు పరీక్ష తొలిదశలోని కొద్దిపాటి ఆల్బుమిన్ లీకేజీని పట్టలేదు, కనుక చీటీలో ఈ నిష్పత్తి పేరు రాయించుకోండి. కిడ్నీ వడపోతలో ఆ లీకేజీ కనిపిస్తే, ఒంట్లోని ఇతర రక్తనాళాల లోపొర కూడా దెబ్బతిని ఉండవచ్చు; గుండె డాక్టర్లు దీన్ని పట్టించుకునేది అందుకే.

గ్రాము క్రియాటినిన్‌కు 30 మిల్లీగ్రాముల లోపు మామూలు, 30 నుంచి 300 వరకు మధ్యస్థం, ఆపైన తీవ్రం. ఒక్క రిపోర్టుతో నిర్ణయానికి రావద్దు. మూడు నుంచి ఆరు నెలల్లో ఇచ్చిన మూడు నమూనాల్లో రెండు ఎక్కువగా వస్తేనే లెక్కలోకి తీసుకుంటారు. అన్ని రిపోర్టులనూ ఒకేసారి డాక్టర్ ముందు పెట్టండి, విడివిడిగా చూపిస్తే ముప్పు తేలదు.