కోత కంబైన్ దించే ముందు కంకి ఒలిచి చూడండి

ఇల్లినాయి మొక్కజొన్న పొలాల్లో నాకిది తొమ్మిదో సీజన్. మన దగ్గర అగ్రికల్చర్ బీఎస్సీ చేసి, ఇక్కడికి ఎమ్మెస్‌కి వచ్చి, వేసవిలో పంట తనిఖీకి దిగే పిల్లలకు ఒకటే చెప్తుంటాను. ఆకు చూస్తే సరిపోదు, కంకి ఒలవాలి.

ఆకు మీద ఇప్పుడు అందరికీ టెన్షన్ తార్ స్పాట్ అనే బూజు తెగులుతోనే. 2015లో ఇండియానా, ఇల్లినాయిల్లో మొదటిసారి బయటపడింది. తారు చిమ్మినట్టు నల్లటి ఉబ్బెత్తు మచ్చలు. తడి వేలితో రుద్దండి. చెరిగిపోతే పురుగు మలం. తుప్పు రంగు పొడి అంటితే తుప్పు తెగులు. ఏం చేసినా పోకపోతే తార్ స్పాట్. మందు కొట్టాలంటే మగపూత వచ్చినప్పటి నుంచి గింజ పాలు పట్టే దశ లోపే. గింజ గట్టిపడ్డాక కొడితే డబ్బు దండగ.

సెప్టెంబరులో అసలు పని. పొలంలో అయిదు చోట్ల, చోటుకి ఇరవై మొక్కలు. ఒక్కోదాన్ని 30 డిగ్రీలు వంగేలా తోసి వదలండి. వందలో పది లేవకుండా పడిపోతే కాండం కుళ్లు ఉన్నట్టే. ఆ పొలాన్ని ముందు కోయించాలి.

తర్వాత కంకులు ఒలవండి. కొస నుంచి గులాబీ రంగు బూజు దిగితే జిబరెల్లా. ఆ గింజలో వామిటాక్సిన్ అనే బూజు విషం ఉంటుంది, పందులు మూతి కూడా పెట్టవు. అడుగు నుంచి తెల్లగా, గింజల సందుల్లోకి పాకితే డిప్లోడియా. ఆలివ్ ఆకుపచ్చ పొడి కనబడితే జాగ్రత్త, అది ఆస్పర్‌జిల్లస్. కరువు ఏడాది ఎక్కువ. అది వదిలే అఫ్లాటాక్సిన్ అనే విషం వంద కోట్ల పాళ్లలో 20 దాటితే ఆ గింజ మనుషుల తిండికీ, పాడి ఆవులకీ పనికిరాదు.

నా మొదటి ఏడాది ఒక పెద్దాయన పొలం రోడ్డు పక్క వరుసలు చూసి బాగుందని రాసిచ్చాను. లోపల వాగు పక్క పల్లంలో కంకులన్నీ గులాబీ రంగు. అదీ ఇదీ కలిపి ఒకే బిన్‌లో (గింజ నిల్వ చేసే ఇనుప గాదె) పోశారు. చలికాలంలో ఎలివేటర్ నుంచి లారీ తిరిగొచ్చింది (ఇక్కడ ఎలివేటర్ అంటే లిఫ్ట్ కాదు, ధాన్యం కొని నిల్వ చేసే చోటు). ఆయన తిట్టలేదు. "వచ్చే ఏడు నీ బండి రోడ్డు మీద కాదు, పొలం మధ్యలో ఆపుకో" అన్నాడు.

బూజు కనిపించిన పొలం ముక్కను తేమ 22-25 శాతం ఉండగానే కోయించి, వెంటనే డ్రయ్యర్‌లో 15కి దించి, వేరే బిన్‌లో పోయించండి. కంబైన్ ఫ్యాన్ కాస్త పెంచితే తేలికైన బూజు గింజలు ఎగిరిపోతాయి. పరీక్షకు పైనుంచి గుప్పెడు తీస్తే లాభం లేదు, విషం అంతటా సమానంగా ఉండదు. గింజ పారుతున్నప్పుడు పలుమార్లు పట్టి కలపండి. ఇన్సూరెన్స్ ఉంటే బిన్‌లో పోయకముందే వాళ్లను పిలిపించి శాంపిల్ తీయించాలి. పోశాక అడిగితే వినరు.

తేమ 15 శాతమైతే వసంతం లోపు అమ్మేయాలి, వేసవి దాటించాలంటే 14. మా నాన్న గింజ కొరికి, కటుక్కుమంటే ఎండిందనేవాడు. నేనూ కొరుకుతాను, కానీ ఎలివేటర్ నమ్మేది మీటర్‌నే. బూజు గింజ మాత్రం నోట్లో పెట్టకండి.

బిన్ నిండాక నూక, తుక్కు మధ్యలో పేరుకుంటాయి, గాలి ఆడదు. పైన కుప్ప గుంటపడేదాకా మధ్య నుంచి కొంత గింజ లాగించేయండి. చలికాలంలో రెండు వారాలకోసారి ఫ్యాన్ వేసి పై మూత దగ్గర వాసన చూడండి. పులిసిన వాసన వస్తే, పైన అట్ట కట్టి ఉంటే, పొడవడానికి లోపలికి దిగొద్దు. కింద ఆగర్ (గింజను బయటికి లాగే మర) తిరుగుతుంటే క్షణాల్లో నడుం దాకా కూరుకుపోతారు. కరెంటు ఆపి, స్విచ్‌కి తాళం వేసి, రైతుకి ఫోన్ చేయండి.