చిలక తల పెద్దదై తోకకు చోటు లేకపోతే

మా అమ్మాయి రెండో క్లాసు. చిలకను చూసి గీస్తే తలే సగం పేజీ నిండేది, తోకకు చోటుండేది కాదు. చెరిపి చెరిపి కాగితం చిరిగేది, ఆపైన ఏడుపు.

ఇప్పుడు బొమ్మను ఏ4 సైజులో జిరాక్స్ తీయిస్తున్నాను. దాన్ని సగానికి మడిచి, ప్రతిసారీ పొడుగు వైపే సగం చేస్తూ మొత్తం నాలుగుసార్లు మడిచి విప్పితే 16 గళ్లు వస్తాయి. స్కేలుతో పనిలేదు. ఇంకో తెల్ల ఏ4 కాగితాన్నీ అలాగే మడవాలి. ఇక ఒక్కో గడి చూసి అదే గడిలో గీయించడమే. "ముక్కు ఏ గడిలో ఉంది? గీత ఏ మడత దగ్గర దాటింది?" అని అడిగితే చాలు, పెన్సిల్ మనం పట్టుకోకూడదు (నాకు ఇదే కష్టం). ముందు హెచ్‌బీ పెన్సిల్‌తో తేలిగ్గా గీసి, అన్నీ కలిశాక గట్టిగా దిద్దితే సరి.

వాటర్ కలర్ వేసే బొమ్మకు మాత్రం ఇది వద్దు. రంగు మడతల్లోకి దిగి చారలు కనిపిస్తాయి. మందపాటి డ్రాయింగ్ షీటు సరిగ్గా మడత పడదు కూడా. వాటి మీద స్కేలుతో సన్నగా గళ్లు గీసుకోవాల్సిందే.