ముందు మెయిన్ వాల్వు ఎక్కడుందో చూసుకో, తర్వాతే స్ప్రే బిగించు

రాజాం నుంచి వచ్చిన తమ్ముడొకడు పోయిన నవంబరులో రాత్రి 11 గంటలకి ఫోన్ చేశాడు. "అన్నా, నీళ్లు ఆగట్లేదు." వెనకాల వాళ్లావిడ కేకలు, బకెట్ చప్పుడు. అద్దెకి ఆ ఇంట్లో దిగి అప్పటికి 16 రోజులు. మనవాళ్లు ఎవరైనా అమెరికా వెళ్లగానే ఇంట్లో సొంతంగా చేసే మొదటి పని ఏంటో తెలుసు కదా, టాయిలెట్ పక్కన చేతి స్ప్రే బిగించుకోవడం. అదే చేశాడు. ప్లాస్టిక్ నట్టు చేత్తో బిగిస్తే చాలదేమోనని పానా పెట్టి లాగాడట, అది చీలింది. గోడ దగ్గర ఉండే చిన్న వాల్వు కట్టబోతే గిర్రున తిరుగుతోంది తప్ప నీళ్లు కట్టట్లేదు. "సరే, ఇంటి మెయిన్ కట్టెయ్" అన్నాను. "మెయిన్ ఎక్కడుంటుందన్నా?" అన్నాడు.

ఒహాయో రాష్ట్రంలో మేముండే కొలంబస్‌కి ఈ చివర నుంచి ఆ చివరకి నేను 20 నిమిషాల్లో వెళ్లాను. అప్పటికి పైనున్న బాత్రూమ్ నీళ్లు కింద వంటింటి సీలింగులో లైటు పెట్టిన చోట నుంచి ధార కడుతున్నాయి. లైటు వెలుగుతూనే ఉంది! దాని కిందే వాళ్లావిడ గిన్నె పట్టుకుని నిలబడింది. నాకు ముందు భయమేసింది, తర్వాత కోపం వచ్చింది, ఆ కోపం ఇంకా పూర్తిగా పోలేదు కాబట్టే ఇది రాస్తున్నాను.

ఇప్పుడు సెలవు మీద శ్రీకాకుళంలో ఉన్నాను. మా వీధి నుంచే ఇద్దరు ఆగస్టులో బయల్దేరుతున్నారు. రోజూ సాయంత్రం వచ్చి కూర్చుని ఆవకాయ ఎన్ని కిలోలు పట్టుకెళ్లొచ్చు, కుక్కర్ ఒకటి చాలా రెండు కావాలా అని అడుగుతారు. బ్యాంకు, సిమ్, డ్రైవింగ్ లైసెన్సు గురించి నీకు చెప్పేవాళ్లు వందమంది ఉంటారు, నేను చెప్పను. నీళ్ల గురించి ఒక్కడూ అడగలేదు.

ఎందుకు అడగరో నాకు తెలుసు. మన ఇంట్లో నీళ్లంటే మేడ మీద ట్యాంకు. పైపు పగిలినా, కుళాయి ఊడినా, మహా అయితే ఆ వెయ్యి లీటర్లూ పోతాయి, మోటారు వెయ్యకపోతే గొడవ అక్కడితో సరి. నేలంతా గచ్చు, చీపురుతో తోసేస్తే వాకిట్లోకి పోతాయి. అక్కడ ట్యాంకు లేదు తమ్ముడూ. వీధి గొట్టంలో ప్రెషరుతో ఇరవైనాలుగు గంటలూ నీళ్లుంటాయి, అవి అయిపోవు. అరంగుళం పైపు తెగితే నిమిషానికి 30 లీటర్లు పైనే పోవచ్చు, అంటే మన ట్యాంకంతా అరగంటలో పోయి, ఆ తర్వాత కూడా పోతూనే ఉంటుంది. ఇల్లేమో కర్ర, అట్ట. గోడలు, సీలింగు అంతా కాగితం మధ్యలో జిప్సం పెట్టిన పలకలు. తడిస్తే ఉబ్బి ఊడిపడతాయి, ఒకటి రెండు రోజుల్లో ఆరబెట్టకపోతే బూజు పడుతుంది.

మా నాన్నగారికి ఒక అలవాటు. తుపాను అన్న మాట రేడియోలో వినపడితే చాలు, కరెంటు మెయిన్ ఆఫ్ చేసి ఫ్యూజులు పీకి జేబులో వేసుకునేవారు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడూ అంతే, 2018లో తిత్లీ పలాస వైపు తీరం దాటిన రాత్రీ అంతే. చీకట్లో, టార్చి లేకుండా, ఆయన చెయ్యి నేరుగా మెయిన్ మీదకి వెళ్లేది. అలాంటి మనిషి కొడుకుని నేను, 2012లో ఒహాయోలో దిగినప్పుడు నేనుంటున్న ఇంటి నీళ్ల మెయిన్ ఎక్కడో మూణ్ణెల్ల దాకా చూడలేదు.

చూడాల్సి వచ్చిన రోజు ఆదివారం. సెకండ్ హ్యాండు వాషింగ్ మెషీను కొని, దాంతోపాటు వచ్చిన పాత రబ్బరు గొట్టాలే తగిలించి, డబ్బులు మిగిల్చానని రెండు వారాలు అందరికీ చెప్పుకున్నాను. గుడికి వెళ్లి, అక్కణ్నుంచి ఎవరింటికో భోజనానికి వెళ్లి సాయంత్రం వచ్చేసరికి బేస్‌మెంటులో చీలమండ లోతు నీళ్లు. వేడినీళ్ల గొట్టం కడుపులో పగిలింది. అట్టపెట్టెల్లో సర్టిఫికెట్లు, పెళ్లి ఆల్బమ్, మా ఆవిడ పొందూరు చీర ఒకటి. ఇంటాయన డిపాజిట్ నుంచి ఒక్క సెంటు తిరిగివ్వలేదు. కొత్త గొట్టాలు, పైన స్టీలు అల్లిక ఉన్నవి, జత పాతిక ముప్పై డాలర్లు. అవి కొను. అయిదేళ్లకోసారి మార్చు. ఊరెళ్లేటప్పుడు మెషీను వెనక రెండు కుళాయిలూ కట్టేసి వెళ్లు. ఇది నేను మర్యాదగా చెప్తున్న మాట, రెండోసారి అంత మర్యాద ఉండదు.

సరే, మెయిన్ ఎక్కడుంటుంది? బేస్‌మెంటు ఉన్న ఇల్లయితే వీధి వైపు గోడ దగ్గర, నేలలోంచి గానీ గోడలోంచి గానీ పైపు లోపలికొచ్చే చోట, చాలాసార్లు మీటరు పక్కనే. బేస్‌మెంటు లేకపోతే గరాజులోనో, వాటర్ హీటరు ఉన్న అరలోనో, చలి తక్కువున్న రాష్ట్రాల్లో బయట గోడకో, ఫుట్‌పాత్ దగ్గర మూత ఉన్న పెట్టెలోనో ఉంటుంది. అపార్టుమెంటైతే ఆఫీసులో అడుగు, సిగ్గుపడకు. పొడుగు హ్యాండిల్ ఉన్నదైతే పైపుకి వరసగా ఉంటే నీళ్లు వస్తున్నట్టు, అడ్డంగా తిప్పితే ఆగినట్టు. గుండ్రటి చక్రం ఉన్నదైతే గడియారం ముల్లు తిరిగే వైపు తిప్పాలి. ఈ చక్రాలవి పాతవైతే బిగుసుకుపోతాయి, బలం పెట్టి తిప్పితే కాడ విరుగుతుంది, కాబట్టి ఇంటాయనకి ముందే చెప్పి మార్పించు. ఇల్లు చేతికొచ్చిన రోజే ఒకసారి కట్టి, వంటింట్లో కుళాయి తిప్పి, ధార నిజంగా ఆగిందో లేదో చూడు. ఆ తర్వాత పాలు పొంగించుకో. ఇంట్లో ఉన్న ప్రతి మనిషికీ చూపించు, అత్తగారు వచ్చి ఉంటే ఆవిడకి కూడా. మా అమ్మ వచ్చినప్పుడు ఇలాగే చూపిస్తే నవ్వింది, "ఏటిరా, పెళ్లికూతుర్ని సూపించినట్టు వాల్వు సూపిత్తన్నావు" అని. నవ్వితే నవ్వింది, ఆవిడకి ఇప్పటికీ గుర్తుంది.

ఇక ఆ స్ప్రే సంగతి. గోడ దగ్గరున్న చిన్న వాల్వు కట్టు, ఫ్లష్ చేసి ట్యాంకు ఖాళీ చెయ్యి. మళ్లీ నిండుతుంటే ఆ వాల్వు పని చెయ్యట్లేదన్నమాట, అక్కడే ఆగిపో. నిండకపోతే ట్యాంకు కింది నట్టు విప్పి, టీ (T) ఆకారం జాయింటు ముక్క తగిలించి, గొట్టం దానికి పెట్టు. లోపల రబ్బరు వాషరు ఉన్న చోట టెఫ్లాన్ టేపు అక్కర్లేదు, నీళ్లని ఆపేది వాషరు, మర కాదు. ప్లాస్టిక్ నట్టుకి పానా అస్సలు వద్దు, చేత్తో బిగిసినంత చాలు. కారితే ఇంకొంచెం, అంతే. టాయిలెట్ పేపరు ముక్క జాయింటు చుట్టూ చుట్టి పది నిమిషాలు చూడు, తడిస్తే తెలుస్తుంది. అందరూ మరిచిపోయేది ఒకటుంది, వాడటం అయ్యాక టీ దగ్గర ఉండే చిన్న మీట ప్రతిసారీ కట్టెయ్యాలి. స్ప్రే మీట వదిలేస్తే నీళ్లు ఆగుతాయి గానీ ఆ సన్న గొట్టంలో ప్రెషరు రాత్రింబవళ్లు అలాగే నిలబడి ఉంటుంది, అది అందుకోసం చేసింది కాదు. ఇండియా వచ్చేటప్పుడు ఇల్లు తాళం వేసి మెయిన్ కట్టకుండా విమానం ఎక్కేవాళ్లని చూస్తే నాకు బీపీ పెరుగుతుంది.

చలికాలం ఇంకో గొడవ. బయట కుళాయికి మొక్కల గొట్టం తగిలించి వదిలేస్తారు. మంచు పడకముందే, అక్టోబరు దాటకుండా అది ఊడదీసెయ్. ఇప్పటి కుళాయిల్లో నీళ్లని ఆపే భాగం గోడ లోపల వెచ్చటి చోట ఉంటుంది, బయటి ముక్కలో నీళ్లు వాటంతటవే కారిపోవాలి. గొట్టం తగిలించి ఉంటే కారవు, లోపలే గడ్డ కట్టి పైపు చీలుస్తాయి. చీలిన సంగతి జనవరిలో తెలీదు. మే నెలలో గోంగూర మళ్లకి నీళ్లు పెడదామని కుళాయి తిప్పి నువ్వు బయట హాయిగా నిలబడి ఉంటావు, లోపల గోడలో వాన.

కరెంటు గురించి ఎక్కువ చెప్పను. అక్కడ 120 వోల్టులు, మన 230 మిక్సీ దానిమీద సరిగా తిరగదు, ట్రాన్స్‌ఫార్మర్ కొనే డబ్బుతో అక్కడే మిక్సీ వస్తుంది. ప్లగ్గు పెడితే కరెంటు రావట్లేదని నేనొక ఎలక్ట్రీషియన్‌ని పిలిచాను. అతనొచ్చి, వంటింటి ప్లగ్గు పాయింటు మధ్యలో ఉన్న చిన్న బొత్తం నొక్కి, 140 డాలర్లు తీసుకుని వెళ్లిపోయాడు. దానిమీద రీసెట్ అని రాసే ఉంది. శ్రీకాకుళంలో ఏడు రోడ్ల జంక్షన్ దాకా వెళ్లొస్తే ఎవరో ఒకరు దొరుకుతారు, మూడొందలకి పని చేసి టీ తాగి వెళ్తారు. అక్కడ మనిషి గుమ్మంలోకి వచ్చినందుకే లెక్క మొదలవుతుంది. కానీ సీలింగులోంచి నీళ్లు కారుతుంటే మాత్రం బొత్తాలు నొక్కకు, బ్రేకరు పెట్టె దగ్గరకెళ్లి ఆ గది కరెంటు తీసెయ్. ఆ పెట్టె ముందు నిలబడేంత నేల పొడిగా ఉంటేనే. కాబట్టి ఆ పెట్టె ఎక్కడుందో కూడా మొదటి రోజే చూడాలి, ఇది ప్రత్యేకంగా చెప్పాలా?

గోడకి మేకు కొట్టడం: పలక వెనక కర్ర నిలువులు సాధారణంగా 16 అంగుళాలకొకటి ఉంటాయి, బరువైనవి వాటికే బిగించాలి. నేను అరసవిల్లి సూర్యనారాయణ స్వామి పటం, దానికింద దీపం పెట్టే బల్ల ఉత్త పలకకే కొట్టాను. స్వామి నిలబడ్డాడు, బల్ల పడింది. సింకులో మిగిలిన తిండిని రుబ్బే మిషనుంది కదా అని మునక్కాడ పిప్పి, అన్నం, చింతపండు పిప్పి తోసెయ్యకు, అది మిషనే గానీ ఆవు కాదు.

ఆవంటే గుర్తొచ్చింది, గడ్డి. సొంతిల్లో, పెరడున్న అద్దె ఇల్లో అయితే గడ్డి నువ్వే కొయ్యాలి, పెరిగిపోతే ఊరి ఆఫీసు నుంచి నోటీసొస్తుంది. మా అమ్మ మొదటిసారి వచ్చినప్పుడు కిటికీలోంచి చూసి, "ఇంత గడ్డి కోసి పారేత్తారేటి, పాపం కాదూ" అని నిజంగానే బాధపడింది. చిన్న పెరడైతే బ్యాటరీ మిషను కొనుక్కో, పెట్రోలుదైతే మోజు తప్ప అవసరం లేదు. కొంటే గనక ముందు ఆయిల్ పోశారో లేదో చూడు, కొత్తవాటిలో చాలామటుకు ఆయిల్ లేకుండానే వస్తాయి, అలాగే లాగి ఇంజను పట్టేసుకున్న మనవాడు ఒకడున్నాడు. పెట్రోలులో అక్కడ ఇథనాల్ కలుస్తుంది, నెలలు నిలవుంటే కార్బొరేటరు మూసుకుపోతుంది. మూడంగుళాల ఎత్తుకి తక్కువ కొయ్యకు, ఒకేసారి మూడోవంతు కంటే ఎక్కువ తియ్యకు. తడి గడ్డి కింద ఇరుక్కుంటే చెయ్యి పెట్టేముందు స్పార్క్ ప్లగ్గు తీగ ఊడదీయాలి, బ్యాటరీదైతే బ్యాటరీ. ఆపేశాను కదా అని చెయ్యి పెట్టకు. మంచు ఊదే మిషనైతే ఇంజను ఆపినా లోపల రెక్క బిగువులో ఉండి ఒక్కసారి తిరగొచ్చు, చెయ్యి కాదు కర్ర పెట్టు. మూసిన గరాజులో ఏ ఇంజనూ స్టార్టు చెయ్యకు, పొగలో వాసన లేని విషవాయువు ఉంటుంది. కంచెకి గుంటలు తవ్వాలంటే రెండు మూడు పనిరోజుల ముందే 811కి ఫోన్ చెయ్యి, ఉచితం. నేలలో గ్యాసు, కరెంటు లైన్లు ఎక్కడ పోతున్నాయో వచ్చి రంగు గీతలు గీసి వెళ్తారు.

ఇదంతా చదివి టెన్షన్ పడి స్ప్రే బిగించడం మానెయ్యకు. నాకు ఇలా చెప్పడమే వచ్చు. ఇందులో ఏదీ కష్టమైన పని కాదు, నిజానికి మన ఊళ్లో సైకిలు పంచరు వేసుకున్నవాడు, మోటారు ఎయిర్ పట్టేస్తే నీళ్లు పోసి లాగించినవాడు ఇవన్నీ ఒక శనివారంలో నేర్చుకుంటాడు. హార్డ్‌వేర్ షాపుల్లో ముసలాయనలు ఉంటారు, పాత ముక్క పట్టుకెళ్లి చూపిస్తే ఓపిగ్గా వెతికి చేతిలో పెడతారు, నువ్వు మాట్లాడే ఇంగ్లీషు వాళ్లకి అర్థమవుతుంది, ఆ బెంగ కూడా వద్దు. చుట్టుపక్కల వాళ్ల దగ్గర నిచ్చెన అడిగితే ఇస్తారు. రాజాం తమ్ముడు కూడా ఆ రాత్రి ఏడ్చినంత పని చేశాడు, ఇప్పుడు వేరేవాళ్ల ఇళ్లకి వెళ్లి కుళాయిలు మార్చి వస్తున్నాడు. బాగానే చేస్తున్నాడు, ఒప్పుకోవాలి.

వారం కిందట కొత్త ఇంట్లోకి మారాడు. నేను ఇక్కడ మామిడిపండు తింటుంటే ఫొటో పంపాడు, వాల్వు హ్యాండిల్‌కి గుర్తుగా ఎర్ర మొలతాడు కట్టి ఉంది. "అన్నా, మొదటి రోజే చూసుకున్నాను, చూడు." చూశాను. పసుపు గొట్టం, నల్లటి ఇనప పైపు. గ్యాసుది. ఫోన్ చేసి, తాడు విప్పి పక్కనున్న రాగి పైపు దానికి కట్టమన్నాను. రెండో ఫొటో వచ్చేదాకా లైన్లోనే ఉన్నాను.