పసిబిడ్డకు సాంబ్రాణి వేసేటప్పుడు

నెల్లూరులో కార్తీక మాసం ముసురు పట్టిందంటే బాలింతల ఇళ్లలో సాంబ్రాణి గుప్పుమంటుంది. వాసన హాయిగానే ఉంటుంది, కానీ ఏ పొగైనా పసిబిడ్డ ఊపిరితిత్తులకు పడదు. తల ఆరడానికి మెత్తటి నూలుగుడ్డతో అద్దితే చాలు. వాసన కావాలంటే బిడ్డను వేరే గదిలో ఉంచి, నిప్పుల మీద చిటికెడు పొడి చల్లండి. గుప్పెడు పోస్తే పొగ కమ్మి పెద్దవాళ్లకే కళ్లు మండుతాయి. కిటికీలు తెరిచి, పొగంతా పోయాకే బిడ్డను తీసుకురండి.

అసలు భయం కుంపటితోనే. చలిగా ఉందని తలుపులు బిగించిన గదిలో రాత్రంతా నిప్పులు ఉంచకండి. బొగ్గుల నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు వాసనే ఉండదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది. కప్పు సాంబ్రాణిలోనూ బొగ్గుపొడి ఉంటుంది, దానికీ ఇదే జాగ్రత్త. ఉబ్బసం ఉన్నవాళ్లుంటే అసలు వేయకండి.