శ్రీకాకుళం, విజయనగరం రోడ్ల మీద పొగమంచులో కారు ఎలా నడపాలి?

మన జిల్లాల్లో రోడ్డు మీద మంచు గడ్డకట్టదు. కానీ ధనుర్మాసం నుంచి రథసప్తమి దాకా తెల్లవారుజామున పొగమంచు దిగిందంటే, భోగాపురం నుంచి ఇచ్ఛాపురం వరకు హైవే మీద ముందున్న లారీ కూడా కనిపించని రోజులుంటాయి. నాగావళి, వంశధార వంతెనల దగ్గర, తడి పొలాల పక్కన అది ఇంకా చిక్కబడుతుంది. అంతవరకు బాగానే కనిపించిన రోడ్డు మడపాం దగ్గరికి వచ్చేసరికి మాయమైపోవచ్చు. సంక్రాంతికి ఊరొచ్చేవాళ్లు, రథసప్తమికి రాత్రికి రాత్రే అరసవల్లి బయల్దేరేవాళ్లు సరిగ్గా ఆ వేళకే రోడ్డెక్కుతారు.

వీలుంటే ప్రయాణం వాయిదా వేయడమే మొదటి పని. ఎండెక్కితే మంచు చాలావరకు విడిపోతుంది. వాయిదా కుదరదంటే ఇలా చేయండి.

బయల్దేరే ముందు

ముందు అద్దాన్ని బయటే కాదు, లోపల కూడా తుడవండి. లోపలి జిడ్డు మీద ఎదుటి లైట్లు పడితే చూపు చెదిరిపోతుంది. టైర్లలో గాలి బండి కదలకముందే చూసుకోవాలి. చలికి సుమారు 5, 6 డిగ్రీలు తగ్గితే 1 పీఎస్ఐ దాకా పడిపోతుంది. టైరు గాడి లోతు 1.6 మిల్లీమీటర్లకు తగ్గకూడదని రూలు, కానీ అంతవరకు అరగనివ్వకుండా ముందే మార్చడం మంచిది.

లైట్లు

ఎక్కువ మంది తప్పు చేసేది ఇక్కడే. కనిపించడం లేదని హై బీమ్ వేస్తే, ఆ వెలుగు మంచులోని నీటి తుంపరల మీద పడి తిరిగి మన కళ్లలోకే వస్తుంది, ఎదుట తెల్లగోడ కట్టినట్టు ఉంటుంది. లో బీమ్, ఫాగ్ ల్యాంపులు ఉంటే అవి, అంతే.

కొత్త కార్లలో ఇంకో సమస్య ఉంది. పగలు వాటంతట అవే వెలిగే ముందువైపు లైట్లు చూసి, లైట్లన్నీ వెలుగుతున్నాయని అనుకుంటాం. చాలా కార్లలో అప్పుడు వెనక టెయిల్ ల్యాంపులు వెలగవు. లైట్ల స్విచ్ ‘ఆటో’లో పెట్టినా నమ్మకం లేదు: తెల్లారాక వెలుతురు ఉందని సెన్సర్ అనుకుంటుంది, మంచు ఉందని దానికి తెలియదు. కాబట్టి స్విచ్‌ను చేత్తో లో బీమ్‌కు తిప్పి, ఒక్కసారి దిగి కారు వెనక్కి వెళ్లి చూడండి. రెండు ఎర్ర లైట్లూ వెలుగుతుంటేనే కదలండి. ఈ అర నిమిషం మీ వెనక వచ్చే బస్సు డ్రైవరుకు మిమ్మల్ని చూపిస్తుంది.

నడుస్తుండగా నాలుగు ఇండికేటర్లూ వేయకండి. మీరు ఆగారో, వెళ్తున్నారో వెనకవాళ్లకు అర్థం కాదు, మీరు పక్కకు తిరిగేది కూడా తెలియదు.

వేగం

కంటికి ఎంత దూరం కనిపిస్తుందో, ఆ దూరంలో ఆగగలిగినంత వేగమే వెళ్లాలి. 60 కిలోమీటర్ల వేగంలో సెకనుకు దాదాపు 17 మీటర్లు పోతాం. ప్రమాదం చూసి బ్రేక్ మీద కాలు పడేసరికే 25 మీటర్లు అయిపోతాయి, ఆపైన తడి రోడ్డు మీద ఆగడానికి ఇంకో 35 పడుతుంది. 50 మీటర్లే కనిపిస్తున్నప్పుడు ఆ వేగం ప్రాణాంతకం. 40లో అయితే సుమారు 30, 35 మీటర్లలో ఆగొచ్చు. మంచులో మనం వెళ్తున్న వేగం కంటికి తక్కువగా అనిపించవచ్చు, అందుకే మీటరు చూస్తూ ఉండాలి.

ముందు లారీ టెయిల్ లైట్ పట్టుకుని వెళ్లిపోదామనుకోవద్దు. అది దేన్నైనా గుద్దితే మీరూ దాని కిందకే. రోడ్డు ఎడమ అంచు గీత చూసుకుంటూ వెళ్లండి, కానీ గీతకు ఆనుకుని కాదు. అక్కడే లైట్లు లేకుండా లారీలు ఆపి ఉంచుతారు. గడ్డి మోపులేసిన ట్రాక్టర్లకు వెనక లైట్లున్నా గడ్డి వాటిని కప్పేస్తుంది. పాటలు ఆపి, అద్దం కాస్త దించితే హారన్లు, మనుషుల కేకలు వినబడతాయి.

ముందు అద్దం లోపల మసకబారితే ఏసీ వేసి గాలిని అద్దం మీదికి మళ్లించండి, బయటి గాలి లోపలికి రానివ్వండి. మసక బయటి వైపు పడితే వైపర్ వేసి, ఏసీ చల్లదనం తగ్గించండి.

స్పోర్ట్స్ కారైతే

ఎత్తు తక్కువ కావడంతో లారీ డ్రైవరుకు ఆ కారు త్వరగా కనబడదు. స్పోర్ట్ మోడ్ తీసేయండి, చక్రాలు పట్టు తప్పకుండా చూసే ట్రాక్షన్ కంట్రోల్ మాత్రం తీయకండి. మంచు తడికి రోడ్డు మీద డీజిల్ చుక్కలు, ట్రాక్టర్ చక్రాల బురద, టెక్కలి వైపు క్వారీ దుమ్ము జారుడుగా మారతాయి. యాక్సిలరేటర్ గట్టిగా తొక్కితే వెనక చక్రాలు పట్టు తప్పుతాయి. అలా జారితే యాక్సిలరేటర్ వదిలి, కారు వెనక భాగం ఎటు జారుతుంటే అటే స్టీరింగ్ మెల్లగా తిప్పండి.

అరకు నుంచి శృంగవరపుకోట వైపు ఘాట్ దిగేటప్పుడు తక్కువ గేరులో ఉంచండి, ప్రతి మలుపుకూ హారన్ కొట్టండి, ఓవర్‌టేక్ ఊసే వద్దు.

ఆగాల్సి వస్తే

హైవే అంచున ఆపకండి. పెట్రోలు బంకో, డాబానో చూసి రోడ్డు దిగి పూర్తిగా లోపలికి వెళ్లండి. కారు రోడ్డు మీదే చెడిపోతే అప్పుడు నాలుగు ఇండికేటర్లూ వేయండి. పిల్లలతో సహా అందరూ వెంటనే దిగి, రెయిలింగ్ అవతలికి, వాహనాలు వచ్చే వైపుకు కొంచెం వెనగ్గా వెళ్లి నిలబడాలి. కారులో కూర్చుని ఫోన్ చేయొద్దు. అక్కడికి చేరాకే జాతీయ రహదారుల హెల్ప్‌లైన్ 1033కు ఫోన్ చేసి, దగ్గర్లోని కిలోమీటరు రాయి నంబరు చెప్పండి.